గాలి తుపాకీ చప్పుడూ, గోడవతలి బర్రె

గాలి తుపాకులు బాగుచేసే పనిలో కొత్తగా చేరినవాళ్లు నా దగ్గరికి వస్తే మొదట అడిగేది జోరు గురించి. దెబ్బ గట్టిగా తగలాలంటే ఏం చేయాలి, స్ప్రింగు ఎంత బిగువుగా ఉండాలి, ఇట్లాంటివి. చప్పుడు ఎట్లా తగ్గించాలని అడిగేవాళ్లు అరుదు. నా పని జీవితంలో సగం ఆ రెండో ప్రశ్నకే పోయింది. అందుకు నాకు విచారం లేదు. ఆ ప్రశ్న నాకు అన్నం పెట్టింది, ఆలోచించడం నేర్పింది, మంచి మనుషులను చూపించింది. ఏ సంవత్సరం జీతం పెరిగింది, ఎవరు నన్ను మెచ్చుకున్నారు అనేవి మీకు పనికిరావు. పనికొచ్చే సంగతులు కొన్ని చెప్తాను.

పత్తర్‌గట్టి వెనక గల్లీలో

నేను పనిలో చేరింది పంతొమ్మిది వందల ముప్పైల మొదట్లో, హైదరాబాద్‌లో. పత్తర్‌గట్టి రాతి దుకాణాల వెనక ఒక గల్లీలో ఉస్తాద్ కరీం సాబ్ దుకాణం ఉండేది. విలాయతీ గాలి తుపాకులను పెద్ద దుకాణాల్లో అద్దాల వెనక పెట్టి అమ్మేవారు. అవి పాడైతే మాత్రం మా గల్లీకే వచ్చేవి. దేవిడీల్లో ఉండే నవాబులు, సాహుకార్లు, చిలకలతో పోరుపడలేని జామతోటల కౌలుదార్లు మా గిరాకీ.

మాది గౌలిపుర. మా నాయిన చిన్న కిరాణా దుకాణం నడిపేవాడు. నేను ఉర్దూలో మిడిల్ దాకా చదివి, తెలుగు మా వాడ పఠనమందిరంలో నేర్చుకున్నాను. అక్కడ ప్రతి ఆదివారం చర్చలు జరిగేవి. వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చా, అమ్మవారికి మేకను కోస్తే గత్తర, అంటే కలరా, ఆగుతుందా, ఇట్లాంటి విషయాలు. లేచి గట్టిగా మాట్లాడేవాళ్లలో నేను ముందుండేవాణ్ని. నమ్మకాల మీద నా అభిప్రాయం ఇవాళ్టికీ మారలేదు. పరీక్షకు నిలబడని మాటను ఎవరు చెప్పినా, ఎన్ని తరాల నుంచి చెప్తున్నా, ఒప్పుకోనక్కర్లేదు. మారిందల్లా పరీక్ష అంటే ఏమిటో నాకు అర్థమైన తీరు. అది నాకు పఠనమందిరంలో దొరకలేదు. కరీం సాబ్ బల్ల దగ్గర దొరికింది.

ఉస్తాద్ ఐదు పూటలా నమాజు చేసేవాడు. నేను ఏ దేవుణ్నీ నమ్మేవాణ్ని కాదు. అన్నేళ్లలో ఆ విషయం మీద మా మధ్య ఒక్క గొడవ రాలేదు. ఆయన నమాజుకు లేస్తే నేను ఆకురాయి పక్కన పెట్టేవాణ్ని, ఇనుము రాకే చప్పుడు ఆయనకు అడ్డం రాకూడదని. సోమవారం పొద్దున నేను ఆదివారం వేడితో వచ్చి మాట్లాడుతుంటే ఆయన తుపాకీ విప్పుతూ వినేవాడు.

చివరికి ఒక్క మాట అనేవాడు. "గొంతు పెద్దగుంటే మాట నిజమైతదా, నర్సింగ్? ముందుగాల విప్పి చూడు. తర్వాత మాట్లాడు."

తుపాకీకీ మాటకూ ఆయన దగ్గర ఒకటే పద్ధతి.

చప్పుడు ఎక్కడ పుడుతుంది

గాలి తుపాకీలో మందు ఉండదు. గొట్టాన్ని మడిచినప్పుడు లోపలి స్ప్రింగు నొక్కుకుంటుంది. మీట నొక్కగానే స్ప్రింగు విడుదలై పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. పిస్టన్ గాలిని నొక్కుతుంది. ఆ గాలి ఛర్రాను, అంటే చిన్న సీసపు గుండును, బయటికి నెడుతుంది. ఇంతే యంత్రం.

మరి చప్పుడు ఎక్కడిది? గొట్టం మూతి దగ్గరిదని అందరూ అనుకుంటారు, గుండు బయటికి వచ్చేది అక్కడే కాబట్టి. అక్కడ వచ్చేది ఉఫ్ మనే చిన్న ఊపిరి. అసలు లొల్లి కడుపులో ఉంటుంది. స్ప్రింగు వదులుగా కదిలితే తీగలా మోగుతుంది. పిస్టన్ తలకు ఉండే తోలు వాషరు ఎండిపోతే ఇనుము ఇనుమును గుద్దుతుంది. ఇనుమును చెక్కకు పట్టి ఉంచే మరలు వదులైతే ఆ చెక్క మొత్తం డోలు అవుతుంది.

సైదాబాద్‌లో పింఛను మీద ఉన్న కచ్చేరీ గుమాస్తా ఒకాయన పొద్దున్నే పెరటి గోడకు కాగితం అంటించి గురి చూసి కాల్చేవాడు. పక్కింట్లో బాలింత ఉంది, పసిపిల్ల ఉలిక్కిపడుతోందని వాళ్లు మొత్తుకున్నారు. ఆయన మర్యాదస్తుడు. రేకు డబ్బా ఒకటి చేయించి, దాన్నిండా దూది కూరి, గొట్టం మూతికి తగిలించాడు. చప్పుడు అట్లాగే ఉంది, గురి మాత్రం పోయింది. మా దగ్గరికి తెచ్చి, "దీనికంటే పెద్ద డబ్బా చేసియ్యుండ్రి" అన్నాడు.

ఉస్తాద్ ఆ డబ్బాను తీసి బల్ల మీద పెట్టాడు. పేచ్‌కస్ తీసుకుని చెక్క పక్కనున్న మరలు బిగించాడు. పెరట్లోకి తీసుకుపోయి ఒకసారి కాల్చి చూపించి, తుపాకీని ఆయన చేతికిచ్చాడు.

"డబ్బా ఏమాయె సాబ్?"

"దాంట్ల మేం చాయ్‌పత్తి పోసుకుంటం."

నేను పని మానేదాకా మా దుకాణంలో చాయ్‌పత్తి ఆ డబ్బాలోనే ఉంది.

మీకు నేను చెప్పే మొదటి సంగతి ఇదే. చప్పుడును పుట్టేచోట పట్టుకోండి. ముందు మరలు చూడండి, తర్వాత వాషరు, ఆ తర్వాతే స్ప్రింగు. యుద్ధం రోజుల్లో విలాయతీ వాషర్లు రావడం ఆగిపోయింది. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర తోలు తెచ్చి, నానబెట్టి, అచ్చు మీద వంచి, కొవ్వు పట్టించి మేమే చేసుకున్నాం. కొన్ని విలాయతీ వాటికంటే మెత్తగా కూర్చున్నాయి. సరుకు రాలేదని పని ఆపిన దుకాణాలు ఉన్నాయి. మాది ఆగలేదు. ఆ ఇబ్బంది వల్లే వాషరు గురించి నాకు తెలిసినదంతా తెలిసింది.

దసరా తర్వాత వచ్చిన తుపాకీ

ఆ యుద్ధం రోజుల్లోనే జరిగిందిది. గౌలిపురలో గంగారాం సేట్‌కు జొన్నలు, పప్పుల గోదాం ఉండేది. దాని వెనక గోడను ఆనుకుని మల్లవ్వ బర్రెల కొట్టం. భర్త పోయాక మల్లవ్వ బర్రెలను అమ్ముకోలేదు. తెల్లారగట్ల తానే పిండి, తానే ఇళ్లకు పోసి బతికేది. ఆమె మరిది చెడ్డవాడు కాదు. కానీ ఆడమనిషి ఒక్కతే వ్యాపారం చేసుకోవడం ఆయన లెక్కలో ఇంటికి తలవంపు. బర్రెలను అమ్మి మా ఇంట్లో ఓ మూల ఉండు అని చాలాసార్లు అడిగాడు. పాలు ఇస్తున్నంతకాలం మల్లవ్వ దగ్గర జవాబు ఉంది. ఆ మూల అంటే ఏమిటో ఆమెకు తెలుసు.

ఆ ఏడు దసరా దాటాక ఒక పొద్దున సేట్ మా దుకాణానికి వచ్చాడు. ఆయన వెనక గోదాం కావలివాడు బాలయ్య, భుజాన గాలి తుపాకీతో. వాళ్ల వెనకే ఖాళీ బిందె చంకన పెట్టుకుని మల్లవ్వ.

"ఉస్తాద్, దీని ఆవాజ్ తగ్గిపోయింది" అన్నాడు సేట్. "దసరానాడు అమ్మవారి ముందల పెట్టి పూజ జేసినం. ఆనాటి సంది పటాకి లెక్క మోగింది. కోతులు గోదాం దిక్కు రాకుంట భయపడ్డయి. ఇప్పుడు మళ్ల సల్లబడ్డది. పెంచాలె."

"ఇంక పెంచుతవా సేటూ?" అంది మల్లవ్వ. "సాబ్, గది మోగకుంట జెయ్యి. నేను పిండనీకి కూసున్నప్పుడే ఈ బాలయ్య ఢాం అనిపిస్తడు. బర్రె ఎగిరి తంతది, బిందె బోర్లపడ్తది. పాలు ఎగజేపితే ఇగ ఆ పూటకు చుక్క రాదు. నిన్నటి సంది గది మోగకపోయినా ఉలికిపడుతనే ఉన్నది."

"నేనేం జేద్దునక్కా?" అన్నాడు బాలయ్య. "నీ పిండుడు అయ్యేదాంక కోతులు ఆగుతయా?"

"కోతులు ఆగవు, నువ్వాగు. మంచం మీదికెళ్లి లేవబుద్ధి గాదు నీకు. మా గోడ పక్కకే పండుకొని, పండుకున్నకాడికెళ్లే కాలుస్తవు."

బాలయ్య తుపాకీని దించి ఉస్తాద్ బల్ల మీద పెట్టాడు.

"అది తుపాకీ పని గాదు మల్లవ్వా, దిష్టి" అన్నాడు సేట్. "మీ మరిదే జెప్పిండు."

మరిది ఒక మంత్రగాణ్ని తెచ్చి బర్రె కొమ్ములకు నిమ్మకాయలు కట్టించాడట. బర్రెలు ఆ కొట్టానికి అచ్చిరాలేదు, అమ్మితే తప్ప పీడ పోదు అని మంత్రగాడు తేల్చాడు. మరిదికి కావలసిన మాట అదే. వచ్చే అంగడి రోజు తాడు తెచ్చుకుని వస్తానని చెప్పి వెళ్లాడు. మల్లవ్వ మా దుకాణం దాకా నడిచి వచ్చింది అందుకే.

ఆ మాటలు వినగానే నాలో ఆదివారం లేచింది. దిష్టీ లేదు, శక్తీ లేదు అని నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. ఉస్తాద్ తుపాకీ మూతిని నా ముక్కు దగ్గర పెట్టాడు. "వాసన చూడు."

తిరగమోత మాడినట్టు నువ్వులనూనె వాసన.

"బాలయ్యా, దీంట్ల ఏం బోసినవ్?"

బాలయ్య దాపరికం లేకుండా చెప్పాడు. దసరానాడు తక్కెడకు, పారకు, బండి చక్రాలకు పసుపు కుంకుమ పెట్టాడు. తుపాకీ కూడా పనిముట్టే. పైన పెట్టిన కుంకుమ లోపలికి ఎట్లా చేరుతుందని, అమ్మవారి దీపంలో మిగిలిన నూనెను గొట్టం మడిచి బొక్కలో పోశాడు. ఆనాటి మొదటి దెబ్బకే గోదాం దద్దరిల్లింది. అమ్మవారు తుపాకీలోకి వచ్చిందని సేట్ కొబ్బరికాయ కొట్టాడు. చప్పుడు తగ్గినప్పుడల్లా బాలయ్య శుక్రవారం దీపం నూనె మళ్లీ పోస్తూ వచ్చాడు. ఇప్పుడు పోసినా మోగడం లేదు.

విప్పి చూస్తే అంతా అక్కడే రాసినట్టు ఉంది. పిస్టన్ అంత వేగంగా గాలిని నొక్కితే గాలి వేడెక్కుతుంది. ఆ వేడికి లోపలున్న నూనె భగ్గుమంటుంది. మందు లేని తుపాకీలో మందు పోసినట్టే. పటాకి మోత అదే. అట్లా కాలీ కాలీ తోలు వాషరు బొగ్గయింది, స్ప్రింగు ఒకచోట విరిగింది. గాలి నొక్కుకోవడమే ఆగిపోయాక నూనె ఏం చేస్తుంది? భక్తితో తుపాకీని చంపడం నేను అంతకు ముందు చూడలేదు.

సబ్బు మీద పరీక్ష

కొత్త వాషరు, కొత్త స్ప్రింగు వేశాం. తర్వాతి రోజు సేట్, బాలయ్య వచ్చారు. పాలు పోయడం అయ్యాక మల్లవ్వ కూడా వచ్చింది. నూనె పోస్తేనే బలం అని సేట్ పట్టు. చప్పుడు వేరు, దెబ్బ వేరు, కావాలంటే చూపిస్తాను అని నేను. బట్టల సబ్బు బిళ్లను వెనక గోడకు ఆనించి నిలబెట్టాను. మొదట నూనె లేకుండా కాల్చాను. గుండు సబ్బులో దిగింది. తర్వాత చుక్క నూనె వేసి కాల్చాను. చెవులు గింగురుమన్నాయి. పుల్ల పెట్టి కొలిస్తే, నూనె వేసిన గుండు ఇంకా లోతుకు పోయింది.

సేట్ నా భుజం తట్టాడు. "చూసినవా తమ్మీ?"

నేను పుల్లను మళ్లీ గుచ్చి చూస్తున్నాను. ఉస్తాద్ అన్నాడు, "చూసింది చెప్పు, నర్సింగ్. లోతుకు పోయింది అని నోటితో చెప్పు."

చెప్పాను.

"ఆఁ. ఇగ మళ్ల కాల్చు. మళ్ల మళ్ల కాల్చు."

నూనెతోనే కాలుస్తూ పోయాను. ఒక గుండు సబ్బు మూలకు తగిలింది. ఒకటి సబ్బును దాటి గోడకు తగిలింది. ఒకటి సబ్బుకు గాటు పెట్టి కింద పడింది. చప్పుడు కూడా ఒకసారి ఢాం, ఒకసారి తుస్. తర్వాత లోపల తుడిచి, నూనె లేకుండా అన్నిసార్లూ కాల్చాను. గుండ్లన్నీ ఒకదాని పక్కన ఒకటి, ఒకే లోతుకు.

"సేట్ సాబ్, మీరు ఒక్క దెబ్బ చూసి అమ్మవారు అన్నరు" అన్నాడు ఉస్తాద్. "వీడు ఒక్క దెబ్బ చూసి మీ నోరు మూయిద్దామనుకుండు. ఇద్దరిదీ ఒకటే జబ్బు."

ఆ మాటకు నేను ఆయనకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ని. తర్వాత ఎన్నో సభల్లో మూఢనమ్మకాల మీద మాట్లాడాను, రాశాను. నాకు అనుకూలంగా ఉన్న ఒక్క ఉదాహరణతో లేచి నిలబడబోయినప్పుడల్లా ఆ సబ్బు బిళ్ల గుర్తొచ్చి, కూర్చుని ఇంకో నాలుగు వెతుక్కున్నాను.

ఇక చప్పుడు పని. ఇది జాగ్రత్తగా చదవండి. లోపలున్న నూనెను గ్యాసునూనెతో, అంటే కిరోసిన్‌తో, పూర్తిగా కడిగి ఆరబెట్టాం. స్ప్రింగు రెండు కొసలనూ రాయి మీద చదునుగా అరగదీశాం, అది వంకరగా కూర్చుని పిస్టన్‌కు రాసుకోకుండా. స్ప్రింగు లోపల ఉండే కడ్డీకి పలచని ఇత్తడి రేకు చుట్టాం, సందులో ఊగి మోగకుండా. స్ప్రింగుకు చిక్కటి గ్రీజు, అదీ వేలితో అద్దినంతే. వాషరుకు ముందు, గాలి నొక్కుకునే చోట, చుక్క నూనె కూడా ఉండకూడదు. ఈ చివరి మాటను మరిచిపోతే మిగతాదంతా దండగ. మరలు బిగించి కాలిస్తే తలుపు గడియ వేసినంత చప్పుడు వచ్చింది.

కోతులకు కావలసింది

సేట్ మొహం వేలాడేశాడు. "ఇది దగ్గినట్టున్నది. కోతులు నవ్వుతయి."

"గురి బాగుంది కదా సేట్" అన్నాను.

ఆయన చెవులు మూసుకున్నాడు. "రామ రామ. కోతిని కొడతమా? హనుమంతుడు గదా. దెబ్బ వాటికి తగలొద్దు. నాకు చప్పుడే గావాలె."

మేము బాగుచేసి పనికిరాకుండా చేశాం అన్నమాట. ఈ తుపాకీ చేసే ఉద్యోగమే చప్పుడు. దాన్నే మేము పోగొట్టాం. ఇట్లాంటి చోట మన పనివాళ్లు ఒక తప్పు చేస్తారు, వస్తువు తెచ్చినవాడి మాటే వింటారు. సేట్ గిరాకీ కనుక మళ్లీ మోగేటట్టు చేసి పంపొచ్చు. మల్లవ్వది ఆ తుపాకీ కాదు, కానీ ఆ చప్పుడు పడేది ఆమే.

మల్లవ్వ విసుగ్గా బిందె ఎత్తుకుంది. "నీకు ఇనబడాలె, నాకు ఇనబడొద్దు. గంతేగా సేటూ? ఏ తుపాకీ జేస్తది ఆ పని?"

ఉస్తాద్ పేచ్‌కస్ కింద పెట్టాడు. "నర్సింగ్, రేపు దుకాణం బందు. నువ్వు పొయ్యి ఆ కోతులను చూసి రా."

శుక్రవారం పొద్దున గోదాంలో కూర్చున్నాను. కోతులు వీధివైపు చింతచెట్టు మీదనుంచి పెంకుల మీదికి దిగుతాయి. బాలయ్య మంచం వెనకవైపు, మల్లవ్వ గోడ పక్కన. పటాకి మోగినన్ని రోజులు కోతులు ఏం చేసేవో బాలయ్యనే అడిగాను.

"మొదట్ల ఉరికినయి. తర్వాత తలకాయ తిప్పి నన్ను చూస్తుండె. నేను మంచం మీదనే ఉన్నా అని చూసుకొని, మళ్ల పెంకులు పీకుతుండె."

సేట్‌కు అది కూడా తెలియదు. చప్పుడు ఎక్కడిదో తెలిశాక భయం పోయింది, అమ్మవారు ఉన్నా సరే. నేను గ్యాసునూనె డబ్బా ఒకటి కోసి చదును చేసి, ఆ రేకును వీధివైపు చూరు కింద, చింతకొమ్మ పక్కన, గోడకు దగ్గరగా వేలాడదీశాను. బాలయ్యను గోదాం నడిమిలోకి జరిపి, అక్కడినుంచి తెరిచిన కిటికీ గుండా రేకును కాల్చమన్నాను. తుపాకీ చప్పుడు కోతులకు వినిపించలేదు. వాటి చెవి పక్కన రేకు ఝణ్ మంది. ఎవరు కొట్టారో, ఎక్కడినుంచో తెలియక అన్నీ ఒక్కసారే చెట్టెక్కాయి.

సేట్ చాలాసేపు నవ్వాడు. బాలయ్య మాత్రం అడిగాడు, "మరి దసరాకు నూనె పోయొద్దా?"

నేను నోరు తెరిచేలోపు గోడవతలినుంచి మల్లవ్వ గొంతు వచ్చింది. "కుంకం కట్టెకు పెట్టు. నూనె నీ తలకు పెట్టుకో."

నా వరకు ఆ కుంకుమ కూడా అక్కర్లేదు. కానీ చెక్క మీది కుంకుమ వల్ల స్ప్రింగు విరగదు. ఎక్కడ కొట్లాడాలో, ఎక్కడ ఊరుకోవాలో ఆమె నాకంటే సూటిగా చెప్పింది.

పాలు పిండే వేళ

ఉస్తాద్ ఇప్పుడు లేడు. ఆయన పేచ్‌కస్ నా దగ్గరుంది. "పని అయిందని ఎవరు చెప్పాలె?" అని ఆయన ప్రతి తుపాకీకీ అడిగేవాడు. ఈ తుపాకీకి జవాబు బర్రె చెప్పాలి. అందుకని నన్ను అంగడి రోజు తెల్లవారుజామున కొట్టంలోకి పంపాడు.

నేను వెళ్లేసరికి మరిది అప్పటికే వచ్చి ఉన్నాడు. చేతిలో కొత్త తాడు. "వదినె, పిండినన్ని పిండు. అంగట్ల పొదుగు నిండుగుంటేనే మంచిది గని, ఎట్లాగూ ఎగజేపుతది" అన్నాడు. కొమ్ముల నిమ్మకాయలు ఎండి నల్లబడ్డాయి. మల్లవ్వ ఆ ఎగిరి తన్నే బర్రెకు దూడను విడిచి, కాసేపు కుడవనిచ్చి, పక్కకు లాగి కట్టేసింది. బిందె పెట్టుకుని కూర్చుంది. కాళ్లు మాత్రం లేచి ఉరకడానికి సిద్ధంగా పక్కకు పెట్టుకుంది.

చప్పుడును కొలిచే సాధనం మా దగ్గర ఏదీ లేదు. నేను బర్రె చెవుల వంక చూస్తూ నిలబడ్డాను.

పెంకుల మీద కోతులు దిగిన అలికిడి అయింది. కొంతసేపటికి దూరంగా, వీధిలో ఎవరి గిన్నో జారిపడ్డట్టు, రేకు మోగింది. బర్రె ఎడమ చెవి అటు తిరిగింది, మళ్లీ వచ్చింది. నెమరు ఆగలేదు. మల్లవ్వ చేతులు ఆగలేదు. ధార బిందె అడుగును కొడుతోంది. రేకు ఇంకోసారి మోగింది. ఈసారి చెవి కూడా కదల్లేదు. ధార చప్పుడు మారింది, నురగలోకి పడుతోంది. మరిది తాడును ఒక చేతిలోనుంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

బిందె సగం దాటాక మల్లవ్వ తల తిప్పకుండా అడిగింది. "ఏం తమ్మీ, బాలయ్య ఇయ్యాల లేవలేదా? ఎప్పుడు కాలుస్తడు? కాల్చేముందు చెప్పు, బిందె తీసుకుంట."

"కాల్చిండక్కా. రెండుసార్లు."

ఆమె చేతులు అప్పుడు ఆగాయి. ఎందుకు ఆగిందో చూడటానికి బర్రె తల వెనక్కి తిప్పింది. మల్లవ్వ దాని డొక్క మీద నుదురు ఆనించి కాసేపు ఉండి, మళ్లీ పిండడం మొదలుపెట్టింది. కాళ్లు సర్దుకుని ఈసారి నిమ్మళంగా కూర్చుంది.

"మరిదీ" అంది, "ఆ తాడు గుంజకు తగిలియ్యి. దూడ తాడు తెగనీకి వచ్చింది, దానికి పనికొస్తది. కూసో, చాయ్ తాగి పోదువు."

ఆయన కాసేపు బర్రెను చూశాడు, బిందెను చూశాడు. తాడును గుంజకు తగిలించాడు.